లష్కర్ నీళ్లు.. లష్కర్ జ్వరాలు

మలేరియా గుట్టు తెలిసిన ఊరు సికిందరాబాద్, జనం మాటలో లష్కర్. ఆ ఊరి రాయి, వాలు, చెరువు, నాలా, నల్లా కలిసి ఎవరింటికి ఏ జబ్బు రావాలో నేటికీ ఎలా తేలుస్తున్నాయో చెప్పే ముఖచిత్ర కథనం.

రోనాల్డ్ రాస్ చాలాకాలం పనికిరాని దోమలను కోశాడు.

1895లో ఆయన సికిందరాబాద్ వచ్చాడు. బేగంపేటలో విడిది చేసిన 19వ మద్రాస్ పదాతి దళానికి వైద్యుడు. మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే కనిపెట్టాడు. అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా చేరుతుందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. దోమ కడుపులో వెతికి చూడమని లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ చెప్పి పంపాడు. రాస్ వెతికాడు. ఆయన చేతికి చిక్కినవి ముఖ్యంగా రెండు రకాలు. బూడిద రంగువి, ఒంటి మీద చారలున్నవి. రోగులను వాటితో కుట్టించి, ఒక్కోదాన్నీ కోసి, సూక్ష్మదర్శిని కింద కణం కణం గాలించాడు. ఏమీ దొరకలేదు. మధ్యలో పైఅధికారులు కలరా పని మీద బెంగళూరు పంపారు. 1897లో ఊటీ దగ్గరి సీగూరు కనుమకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. కోలుకుని మళ్లీ సికిందరాబాద్ చేరాడు.

ఆ ఆగస్టులో ఆయన సీసాల్లో పెంచుతున్న నీటిపురుగుల నుంచి కొత్తరకం దోమలు లేచాయి. గోధుమ రంగు ఒళ్లు, రెక్కల మీద మచ్చలు. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, వాటికి అతని రక్తం తాగించాడు. పంకా ఊపితే కోసిన దోమ ఎగిరిపోతుందని ఉక్కలో పంకా లేకుండానే కూర్చున్నాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కటకానికీ పగులు ఉంది. ఆగస్టు 20న, దాదాపు చివరి దోమల్లో ఒకదాని కడుపు గోడలో నల్లటి రేణువులతో గుండ్రటి కణాలు కనబడ్డాయి. మరుసటి రోజు కోసిన దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతోందని రుజువైంది. ఆ డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని అచ్చువేసింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం అయింది.

పిల్లలకు దీన్ని పట్టుదల కథగా చెబుతాం. అది నిజమే. కానీ ఈ ఊళ్లో నివసించేవారికి పనికొచ్చే పాఠం మరొకటి ఇందులో ఉంది. రాస్‌ను అంతకాలం తిప్పలు పెట్టింది నీళ్లు. బూడిద రంగు దోమ మురికి కాలువలో పుడుతుంది. చారల దోమ ఇంట్లో కుండలో, తొట్టిలో పుడుతుంది. అవి మనిషి పక్కనే ఉంటాయి కనుక సులువుగా దొరికాయి. మలేరియాను మోసే మచ్చల రెక్కల దోమ వేరే నీళ్లలో, చాలావరకు తేటగా నిలిచిన నీళ్లలో పుడుతుంది. ఆ నీళ్లు సీసాలోకి వచ్చాకే జవాబు కూడా వచ్చింది.

ఏ నీళ్లకు ఏ జ్వరం

ఆ మూడు దోమలూ ఇప్పటికీ సికిందరాబాద్‌లోనే ఉన్నాయి. పేర్లు తెలిశాయి, అంతే. బూడిద రంగుది క్యూలెక్స్. చారలది ఏడిస్. మచ్చల రెక్కలది అనాఫిలిస్. ఊరు మారుతున్నకొద్దీ ఏ దోమకు ఎంత నీరు దొరుకుతుందో మారింది, దానితోపాటే జబ్బుల తీరూ మారింది.

నగరాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సీకి పల్లె కాలువలు అక్కర్లేదు. మూత సరిగా లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, వాడని బావి, స్లాబు క్యూరింగ్‌కు నిలిపిన నీళ్లు, లిఫ్టు కోసం తవ్వి వదిలేసిన గుంత చాలు. అపార్ట్‌మెంట్ కడుతున్న ప్రతి వీధిలోనూ కొన్ని నెలలపాటు అలాంటి నీళ్లు ఉంటాయి. కట్టేది వలస కూలీలు. వాళ్లలో మలేరియా ఎక్కువగా ఉన్న అటవీ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. ఒకరి ఒంట్లో పరాన్నజీవి, పక్కనే గుంతలో దోమ. 1874 నుంచి రైలు నడుస్తున్న జంక్షన్ ఊరిది, ఎక్కడి జ్వరమైనా ఇక్కడ దిగగలదు. అది ఇక్కడ నిలబడుతుందా లేదా అన్నది మాత్రం మన గుంతల మీద ఆధారపడుతుంది.

డెంగీ కథ ఇంకా ఇంటి దగ్గరిది. ఏడిస్ దోమ పగలు కుడుతుంది. పుట్టిన చోటు నుంచి సాధారణంగా నాలుగు వందల మీటర్లు దాటి పోదు. అంటే మీ గల్లీలో డెంగీ వస్తే దాన్ని మోసిన దోమ దాదాపుగా మీ గల్లీదే. గుడ్లు నీటి అంచున పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, తొలకరికి మళ్లీ తడిస్తే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ లేవడానికి వారం, పది రోజులు. అందుకే వారానికొకసారి పాత్రలన్నీ బోర్లించి ఎండబెట్టమంటారు. హైదరాబాద్‌లో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని ప్రచారం చేసింది ఆ లెక్కతోనే.

అయితే బోర్లించడం అందరికీ కుదురుతుందా? ఈ ప్రశ్న దగ్గర నాకు మన ఆరోగ్య ప్రచారాల మీద గట్టి అభ్యంతరం ఉంది. నల్లా రోజూ వచ్చే ఇంట్లో డ్రమ్ము అక్కర్లేదు. రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, అదీ ఒకటి రెండు గంటలే నీళ్లొచ్చే బస్తీలో ఇంటికి రెండు మూడు నీలం డ్రమ్ములు ఉండక తప్పదు. ఉన్న నీళ్లను ఆదివారం ఉదయం పారబొయ్యమని ఆ ఇల్లాలికి ఏ ముఖంతో చెబుతాం? నీటి సరఫరాలో ఉన్న సందును దోమ వాడుకుంటోంది. నల్లా వేళలు సరిచేస్తే డెంగీ తగ్గుతుందన్న మాట జలమండలి లెక్కల్లో ఎక్కడా ఆరోగ్య ఖర్చుగా కనిపించదు. కనిపించాలి.

వానలు ఎక్కువైతేనే జ్వరాలు ఎక్కువవుతాయన్న నమ్మకం కూడా సగమే నిజం. 1934-35లో శ్రీలంకలో వేలాది మందిని బలిగొన్న మలేరియా వానలు తప్పిన ఏడాదిలోనే వచ్చింది. ఎప్పుడూ పారే ఏళ్లు ఆగి మడుగులు మడుగులుగా నిలిచాయి, ఆ మడుగుల్లో దోమ పెరిగింది. పారే నీళ్లలో గుడ్లు కొట్టుకుపోతాయి, నిలిచిన నీళ్లు వాటిని సాకుతాయి. సికిందరాబాద్‌లో ఎండాకాలం నీటి ఎద్దడి డ్రమ్ములను నింపి పెడుతుంది. ఆ తర్వాత ఆషాఢం వాన వస్తుంది.

ఇక క్యూలెక్స్. ఊరి మోరీలన్నీ దానివే. గుర్రపుడెక్క కమ్మిన చెరువులు, కదలని మురుగు. బోయిన్‌పల్లి పక్కన హస్మత్‌పేట చెరువు, సఫిల్‌గూడ చెరువు చుట్టుపక్కల వాళ్లను అడిగితే సాయంత్రం ఆరు దాటాక కిటికీలు మూసుకునే బతుకు గురించి చెబుతారు. గోదావరి జిల్లాల్లో బోదకాలును మోసింది ఈ దోమే.

ఫాగింగ్ గురించి ఒక్క మాట. పొగ బండి వస్తే జనానికి ధైర్యంగా ఉంటుంది. అది ఆ క్షణాన గాలిలో ఎగురుతున్న దోమలనే చంపుతుంది. నీళ్లలో ఉన్న పిల్ల పురుగుకు ఆ పొగ తగలదు. రెండు రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి.

రాయి మీద కట్టిన ఊరు

మౌలాలి గుట్ట ఎక్కి చూస్తే సికిందరాబాద్ నేల తీరు తెలుస్తుంది. రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన పలచగా మట్టి, దాని కింద చివికిన రాయి కొంత, ఆ కింద గట్టి బండ. వాన నీరు ఈ నేలలోకి ఎక్కువగా దిగదు. బోర్లించిన పళ్లెం మీద పోసినట్టు వాలు పట్టుకుని జారుతుంది. అందుకే ఇక్కడి పూర్వులు జారే నీళ్లను అడుగడుగునా ఆపి గొలుసుకట్టు చెరువులు కట్టారు. అందులో పెద్దది 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో వచ్చిన హుస్సేన్‌సాగర్. దాని పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి సుమారు 513 మీటర్లు. దానికి ఎగువన ఉన్న ఊరంతా అంతకంటే ఎత్తులో ఉంది. కంటోన్మెంట్‌లో పడ్డ వాన పికెట్ నాలా గుండా, కూకట్‌పల్లి వైపు వాన, దానితోపాటు బాలానగర్ పరిశ్రమల మురుగు కూకట్‌పల్లి నాలా గుండా బేగంపేట దాటి సాగర్‌లోకి రావాల్సిందే.

సికందర్ జా పేరు మీద 1806లో ఊరు వెలిసినప్పుడు సైన్యం దిగింది సాగర్‌కు ఉత్తరాన. ఆ తొలి దశాబ్దాల్లో ఇక్కడి గోరా సైనికుల బ్యారక్‌లు రక్తవిరేచనాలకు పేరుమోసినవి. కిక్కిరిసిన గదులు, చెడ్డ నీళ్లు. భారతదేశంలోని బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చొప్పున చనిపోతున్నారని 1863లో రాయల్ కమిషన్ తేల్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ నివేదిక వెనక ఉండి, మందుల కంటే ముందు నీళ్లు, మురుగు, గాలి సంగతి చూడమని పట్టుబట్టింది. తర్వాత తిరుమలగిరిలో విశాలమైన కొత్త బ్యారక్‌లు లేచాయి. సైన్యం ఎత్తుకు, గాలికి మారింది. మంచి నేల చూసుకుని మారే స్థోమత సైన్యానికి ఉంది. నాలా అంచున మిగిలినవాళ్లకు లేదు.

ఇప్పుడు పటం తీసి చూడండి. రసూల్‌పుర, బ్రాహ్మణవాడి, మినిస్టర్ రోడ్డు, ప్రకాశ్‌నగర్. వానాకాలంలో నీళ్లు నిలిచే పేర్లన్నీ నాలాల వెంట వరసగా ఉంటాయి. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు నగరంలో నాలాలన్నీ తమ పాత దారులను వెతుక్కున్నాయి. వాన వెలిసిన రోజు జనం మరిచిపోతారు. వరద తీసిన వారానికి విరేచనాలు, రెండు మూడు వారాలకు దోమ జ్వరాలు వస్తాయి. దోమ లేవడానికి వారం, వైరస్ దానిలో పండడానికి ఇంకో వారం పైన, మనిషికి జ్వరం తేలడానికి మరికొన్ని రోజులు. లెక్క ముందే తెలిసిన జబ్బు ఇది.

ఈ నీటికి హద్దులు తెలియవు. ఎగువన కంటోన్మెంట్ బోర్డు, దిగువన నగర పాలక సంస్థ. ఎగువన పూడిక తీయకపోతే దిగువన ఇల్లు మునుగుతుంది, జ్వరం కేసు మాత్రం దిగువ లెక్కలో పడుతుంది. సాగర్ నుంచి పొంగిన నీరు అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీకి పోతుంది. ఆ దారి పక్కనే నల్లకుంటలో మన ఫీవర్ హాస్పిటల్, పాతవాళ్ల మాటలో కోరంటి దవాఖాన, ఉంది. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరే పెట్టారు. వానాకాలంలో దాని ఓపీ చీటీల వరుస చూస్తే ఊరి నాలాల పరిస్థితి తెలిసిపోతుంది.

గత్తర

లష్కర్ బోనాలకు మూలం ఒక జబ్బు. ఉజ్జయిని మహంకాళి ఆలయ కథనం ప్రకారం 1813లో సైన్యంతో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అక్కడ కలరా ప్రబలినప్పుడు అమ్మవారికి మొక్కుకున్నాడు. జబ్బు తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటానన్నాడు. తిరిగొచ్చి 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. కలరాను గత్తర అనే తెలంగాణ పల్లెల్లో ఆ మాటకు ఇప్పటికీ ముసలివాళ్లు ఉలిక్కిపడతారు. బోనాలు వచ్చేది ఆషాఢంలో, కొత్త నీరు బావుల్లోకి, చెరువుల్లోకి దిగే రోజుల్లో. పైనుంచి కొట్టుకొచ్చిన మలినం తాగేనీటిలో కలిసే రోజులు కూడా అవే. వేపాకు, పసుపు, వాకిలి శుభ్రం, ఊరంతా ఒక్కటై చేసే మొక్కు. జబ్బు ఏ కాలంలో వస్తుందో మన పెద్దలకు బాగా తెలుసు. ఎలా వస్తుందో 1854లో లండన్‌లో జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ చావులను పటం మీద గుర్తుపెట్టి చూపించాడు.

అది పాతకాలం అనుకుంటే 2009 మే నెల గుర్తుచేసుకోవాలి. ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్. తోళ్ల గోదాములు, పాత సామాను వ్యాపారం, ఇరుకు సందులు. నల్లాలో వచ్చిన నీళ్లు తాగి వందల మంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. వాన లేదు, వరద లేదు, నడి ఎండాకాలం. తాగునీటి పైపు, మురుగు పైపు పక్కపక్కనే పోయే చోట సరఫరా ఆగినప్పుడు ఏం జరుగుతుందో ఇంజినీర్లకు తెలుసు. పైపులో ఒత్తిడి పోతుంది. ఎక్కడ చిన్న పగులున్నా చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలోకి అదే వస్తుంది. డ్రమ్ములో డెంగీని పెంచిన ఆగి ఆగి వచ్చే సరఫరాయే ఇక్కడ కలరాకు దారి వేసింది. గ్రానైట్‌ను పగలగొట్టి లోతుగా, దూరంగా రెండు పైపులు వేయడం ఖరీదైన పని. బస్తీల సందుల్లో ఆ ఖర్చు ఎప్పుడూ వాయిదా పడుతుంది.

అదే రాయి, ఇంకో జబ్బు

సికిందరాబాద్ కింద ఉన్న గ్రానైట్ తూర్పున, దక్షిణాన నల్లగొండ దాకా సాగుతుంది. ఇక్కడ నీటిని పైన నిలిపి దోమను పెంచిన రాయే అక్కడ నీటిలో కరిగి ఎముకను వంచింది. ఈ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, బావి లోతు ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో తరాల తరబడి తాగారు. పిల్లల పళ్లకు పసుపు, గోధుమ మచ్చలు. నడివయసుకు బిగుసుకుపోయిన వెన్ను, వంగిన కాళ్లు. మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ బృందం. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు.

ఆ మనుషులను చూసిన ఎవరికైనా ఒకటి అర్థమవుతుంది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. ఆ చోట పుట్టి, ఆ చోటి నీళ్లు తాగారు. మందు లేని జబ్బది, మార్చగలిగింది నీళ్లనే. కృష్ణా నీరు వచ్చిన తర్వాత పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయంటే అది ఆస్పత్రి చేసిన పని కాదు, పైపు చేసిన పని. సికిందరాబాద్ మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కనుక తన కింద ఉన్న రాయి సంగతి మరచింది. బోరు మీదే బతికే శివారు కాలనీలు మరవకూడదు. ఏటా ఒకసారి ఆ నీటిని పరీక్ష చేయించుకోవడం పెద్ద ఖర్చు కాదు.

ఎండ కొలత

వాతావరణం పాత్ర కూడా ఇందులో ఉంది. దోమ ఒంట్లో మలేరియా పరాన్నజీవి పెరగాలంటే వెచ్చదనం కావాలి. చలికి వేడిమి 16, 18 డిగ్రీల దగ్గరికి దిగితే ఆ పెరుగుదల ఆగిపోతుంది. 25, 28 డిగ్రీల మధ్య చురుగ్గా సాగుతుంది. మండు వేసవిలో పొడిగాలికి దోమ తొందరగా చస్తుంది. సికిందరాబాద్‌లో జూలై నుంచి అక్టోబర్ దాకా వేడిమీ తేమా రెండూ దానికి అనుకూలం. రాస్ ఆగస్టులో విజయం సాధించడం కాలం తెచ్చిన కానుక కూడా. మన్యంలో వేరే దోమ, వేరే నీళ్లు. అక్కడ కొండవాగుల్లో పుట్టే దోమ మలేరియాను మోస్తుంది. మైదానం నుంచి వెళ్లిన అధికారులు, సిపాయిలు మన్యం జ్వరానికి భయపడి బదిలీలు తప్పించుకోజూసేవారు. అక్కడే ఉండేవారికి తప్పించుకునే దారి లేదు.

మందుతో, విషంతో మాత్రమే గెలుద్దామని దేశం ఒకసారి ప్రయత్నించింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ చల్లారు. స్వాతంత్ర్యం నాటికి ఏడాదికి ఏడున్నర కోట్లుగా అంచనా వేసిన కేసులు 1965 నాటికి లక్షకు దిగాయి. విజయమనుకున్నారు. దోమకు డీడీటీ అలవాటైంది, నిఘా సడలింది, గుంతలు గుంతల్లాగే ఉన్నాయి. 1976లో 64 లక్షల కేసులు. నీళ్లు మారకుండా జబ్బు మారదని ఇంతకంటే ఖరీదుగా ఎవరూ నేర్చుకోలేదు. ఇప్పుడు మన నగరాల అనాఫిలిస్ స్టెఫెన్సీ సముద్రం దాటింది. 2012లో జిబూటీలో, ఆ తర్వాత ఇథియోపియాలో కనబడింది. అడవి, పల్లె దోమలతోనే పోరాడుతూ వచ్చిన ఆఫ్రికాకు ట్యాంకుల్లో, సంపుల్లో పెరిగే దోమ కొత్త. హైదరాబాద్, చెన్నై వంటి ఊళ్ల అనుభవం అక్కడివారికి ఇప్పుడు అవసరమైంది.

రాస్ చేసిన వైద్యం

దోమ గుట్టు తేల్చిన తర్వాత రాస్ మందు వెతుక్కుంటూ పోలేదు. 1902లో సూయజ్ కాలువ పక్కన ఇస్మాయిలియా పట్టణానికి వెళ్లాడు. ఊరంతా మలేరియా. మడుగులు పూడ్పించాడు, కాలువలు తీయించాడు, పూడ్చలేని నీళ్ల మీద నూనె చల్లించాడు. ఇంటింటికీ తిరిగి నీళ్లు చూసే మనుషులను పెట్టించాడు. ఏడాది తిరిగేసరికి ఆ పట్టణంలో కొత్త జ్వరాలు దాదాపు ఆగిపోయాయి. బేగంపేటలో ఆయన పనిచేసిన బంగళా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. ఏటా ఆగస్టు 20న అక్కడ పూలదండలు వేస్తాం. ఇస్మాయిలియాలో చేసిన పని మాత్రం ఆ బంగళా ఉన్న ఊళ్లో పూర్తిగా చేయలేదు.

చేయాలంటే ఏం కావాలో పెద్ద రహస్యం కాదు. మృగశిర కార్తెకు ముందే పికెట్ నాలా పూడిక తీసే బాధ్యత ఎగువ, దిగువ పాలకులిద్దరికీ ఉమ్మడిగా ఉండాలి. వార్డుల వారీగా రాస్తున్న జ్వరాల లెక్కను నాలాల వారీగా, నల్లా లైన్ల వారీగా తిరిగి రాయాలి. భవన నిర్మాణ అనుమతి ఇచ్చే అధికారే క్యూరింగ్ నీళ్లకూ, లిఫ్టు గుంతకూ జవాబు అడగాలి. 2018 నుంచి బస్తీల్లో దవాఖానలు ఉన్నాయి. జ్వరంతో వచ్చిన మనిషి పేరు, వయసు రాసే చీటీ మీదే ఇంకో మూడు ప్రశ్నలు రాయడానికి అర నిమిషం పడుతుంది. మీకు నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది? నీళ్లు ఎందులో నిలవ ఉంచుతారు? ఇంటికి దగ్గరలో నాలా గానీ, కడుతున్న బిల్డింగు గానీ ఉందా? ఒక్క వానాకాలం ఆ జవాబులను పటం మీద పెడితే, వచ్చే ఏడాది ఏ గల్లీకి ముందు మనుషులను పంపాలో, ఏ లైనుకు ముందు నీళ్లు పెంచాలో జూన్‌లోనే తెలుస్తుంది.